సత్రం గోడమీద ధరల పలక



వేసవి వస్తోందంటే మన ఇళ్ళల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి ఆవకాయ, రెండోది ప్రయాణం. ఆవకాయ గురించి మీకు నేను చెప్పేదేముంది! అందుకని ఇవాళ ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. అంటే రైళ్ళూ బస్సుల సంగతి కాదు. వెళ్ళినచోట దిగే బస సంగతి, ఆ బసకి అడిగే అద్దె సంగతి, మన వెంట వచ్చే పెంపుడు జంతువుకి అక్కడ చోటు దొరికే సంగతి.

ఇది నాకు ఎందుకు తట్టిందో ముందు చెప్పేస్తాను. పోయిన వేసవిలో మేమంతా ఒక కొండ ఊరు వెళ్ళాం. మా అబ్బాయి ఫోనులో చూసి రెండు రాత్రులకి 6,000 రూపాయలకి ఒక విడిది ఇల్లు మాట్లాడాడు. మా చిట్టిని, అంటే మా కుక్కని, ఇంట్లో వదిలివెడితే అన్నం ముట్టదు. పెంపుడు జంతువులకి అభ్యంతరం లేదని ఆ ప్రకటనలో ఉంది కదా అని వెంటబెట్టుకు వెళ్ళాం. చీకటిపడ్డాక గేటు ముందు దిగేసరికి కాపలా మనిషి, "కుక్కకి రోజుకి 500 అమ్మగారూ" అన్నాడు. మర్నాడు వేణ్ణీళ్ళ గీజరుకి 300 అన్నారు. వచ్చేసేటప్పుడు ఇల్లు కడిగించడానికి 900 అన్నారు. మొత్తం 6,000 కాస్తా 8,200 అయి కూచుంది.

మావారు గేటు దగ్గరే వాదన వేసుకోబోయారు. నేనే వద్దన్నాను. పైన వాన తుంపర. మా చిన్నది నిద్రకి జోగుతోంది. ఆ వేళప్పుడు ఆ కొండమీద ఇంకో ఇల్లు ఎక్కడ వెతుకుతాం? డబ్బు ఇచ్చేశాం. అయితే నా మనసులో ఒక మాట మిగిలిపోయింది. ధర ఎంతన్నది ఎంత ముఖ్యమో, అది ఎప్పుడు చెబుతారన్నదీ అంత ముఖ్యమే. ఇంట్లో కూచుని ఉన్నప్పుడు చెబితే అది బేరం. చీకట్లో గేటు ముందు చెబితే అది జులుం.

మరి ఈ జులుం ఈనాటిదేనా? మన పెద్దవాళ్ళు బాటసారులుగా తిరిగినప్పుడు ఏం జరిగేది? కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం రండి.

పూర్వం మనకి సత్రాలుండేవి. పుణ్యం కోసం కట్టించినవి కాబట్టి చాలావాటిల్లో అద్దె అన్న మాటే లేదు. జంతువుల సంగతంటారా, అసలు ఆ ప్రశ్నే పుట్టదు. ఎద్దుబండిమీదో గుర్రంమీదో వచ్చిన మనిషిని జంతువుని బయట వదిలి రమ్మంటే రేపు ప్రయాణం సాగేదెట్లా? మనిషికి గదీ అరుగూ ఎంత అవసరమో ఎద్దుకి కొట్టమూ కుడితితొట్టీ అంత అవసరం. "గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు" అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

హైదరాబాదులో ఉన్నవాళ్ళు ఒకసారి గోల్కొండ దగ్గర షేక్‌పేట సరాయిని చూసి రండి. కుతుబ్‌షాహీల కాలం నాటిది. బీదరు వెళ్ళే పాత దారిలో కట్టారు. రెండంతస్తుల్లో ప్రయాణీకులకి గదులు, గుర్రాలకీ ఒంటెలకీ వేరే శాలలు. విజయవాడ రోడ్డుమీద హయత్‌నగరు ఉందే, ఆ ఊరికి పేరు మహమ్మద్‌ కులీ కుతుబ్‌షా కూతురు హయత్‌ బక్షీ బేగం వల్ల వచ్చింది. 17వ శతాబ్దంలో అక్కడ మసీదూ, దాని చుట్టూ బాటసారుల కోసం వరసగా కమానుల గదులూ, పక్కనే పెద్ద బావీ వెలిశాయి. ఆ బావిని ఇప్పటికీ హాథీ బావిలి, అంటే ఏనుగుల బావి అంటారు. ఒక స్త్రీ పేరున నిలిచిన విడిదిలో ఏనుగు పేరున ఒక బావి కూడా ఉందంటే మనకి సంతోషం కాదూ!

ఉత్తరాదిన షేర్‌షా 1540 నుంచి 1545 వరకూ ఏలింది అయిదేళ్ళే అయినా, రహదారుల పొడుగునా సరాయిలు కట్టించాడు. వాటిల్లో గుర్రాలకి మేత కూడా ఏర్పాటు చేశాడని ఆనాటి చరిత్ర రాసినవాళ్ళు చెప్పారు.

అయితే అంతా బంగారు కాలమే అనుకోకండి. మన సత్రాలు చాలావాటిల్లో ఫలానా కులంవారికే ప్రవేశం అనే కట్టడి ఉండేది. ఎద్దుకి కొట్టం దొరికేది గాని, దానిని తోలుకొచ్చిన మనిషికి లోపల చోటు దొరికేది కాదు. ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అన్న నియమం ఎప్పుడూ ఇంటిగలవాడి చేతిలోనే ఉంటుందని మరిచిపోకూడదు.

ఇక డబ్బు పుచ్చుకునే సరాయిలు కూడా ఉండేవి. డబ్బు వచ్చినచోట పేచీలూ వస్తాయి. అందుకని 1867లో అప్పటి బ్రిటిషు ప్రభుత్వం సరాయిల చట్టం ఒకటి చేసింది. ఆ చట్టంలో సరాయి నడిపేవాడు చెయ్యవలసిన పనులు వరసగా రాశారు. గదులూ, వసారాలూ, కాలవలూ శుభ్రంగా ఉంచాలి. మనుషులూ జంతువులూ వాడుకునే బావులూ చెరువులూ శుభ్రం చేయించాలి. దొంగలు ఎక్కి లోపలికి దూకడానికి వీలయ్యే చెట్టుకొమ్మలు కొట్టించెయ్యాలి. దిగిన మనుషులకీ, పశువులకీ, బళ్ళకీ కాపలా పెట్టాలి. అన్నిటికన్నా చివర ఒక మాట రాశారు. సరాయిలో దేనికి ఎంత పుచ్చుకుంటారో ఆ ధరల పట్టిక మేజిస్ట్రేటు చెప్పిన చోట, చెప్పిన భాషల్లో అందరికీ కనబడేట్టు పెట్టాలి. తప్పితే 20 రూపాయల దాకా జరిమానా. మూడుసార్లు శిక్ష పడినవాడికి ఇక సరాయి నడిపే అర్హతే పోతుంది.

చూశారా! శుభ్రమూ, జంతువుల ఏర్పాటూ, ధరల పలకా మూడూ ఒకే చట్టంలో, ఒకే చోట. నూటయాభై ఏళ్ళ కిందటి మాట ఇది. నా చేత ఆ కొండమీద విడివిడిగా డబ్బు కట్టించుకున్నవి కూడా ఇంచుమించు ఇవేగా!

ఈలోగా రైలొచ్చింది. దాంతో ఒక పెద్ద మార్పు జరిగింది. ప్రయాణానికి జంతువుతో పని లేకుండా పోయింది. నిన్నటిదాకా బాటసారిని మోసుకొచ్చిన గుర్రానికి చోటివ్వడం విడిది ధర్మం. ఇప్పుడు ముచ్చటకి వెంట తెచ్చుకున్న కుక్కకి చోటివ్వడం దయాదాక్షిణ్యం. దయకి వెల కట్టడం తేలిక కదా! 'అదనం' అన్న మాట అక్కడ పుట్టింది.

ఈ అదనం సంగతిలో ఇంగ్లండులోని బ్లాక్‌పూల్‌ ఊరి కథ మహా తమాషాగా ఉంటుంది. సముద్రపు ఒడ్డు ఊరు. 1846లో అక్కడికి రైలు పడింది. చుట్టుపక్కల నూలుమిల్లుల ఊళ్ళల్లో ఏడాదికో వారం మిల్లులు మూసేసేవారు. కూలీజనమంతా పెట్టెలు పట్టుకుని బ్లాక్‌పూల్‌ చేరేవారు. అక్కడ గదులు అద్దెకిచ్చేవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే. ఈ ఇంటిగలావిడల మీద జాన్‌ వాల్టన్‌ అనే చరిత్రకారుడు 1978లో ఒక పుస్తకమే రాశాడు. దిగినవాళ్ళు బజారునుంచి కూరా మాంసమూ తెచ్చి ఇస్తే ఆవిడ వండిపెట్టేది. పడకకి ఒక రేటు. వేణ్ణీళ్ళకి వేరే. ఆఖరికి బల్లమీద పెట్టిన ఉప్పూ మిరియాల బుడ్లకి కూడా వేరే పద్దు! ఈ ఉప్పుబుడ్ల చార్జీ ఆ దేశంలో తరతరాలు చెప్పుకుని నవ్వుకునే మాట అయింది.

మనం మాత్రం నవ్వేసి ఊరుకోవద్దు. ఆవిడ కూడా మనలాంటి ఇల్లాలే. ఆవిడకి సంపాదన ఏడాదిలో కొద్ది నెలలే. ఆ నాలుగు డబ్బులతోనే ఏడాదంతా ఈదాలి. ఎదురింటావిడ పడక ధర తగ్గించి చెబితే తనూ తగ్గించాలి, లేకపోతే గది ఖాళీ. తగ్గిన లోటు ఉప్పుబుడ్డి మీద పూడ్చుకోవాలి. అన్నీ కలిపి నిజం ధర చెప్పినావిడ ఖరీదైనదిగా కనబడుతుంది. తక్కువ చెప్పి తరవాత కలిపేవాళ్ళ ఇల్లు నిండుతుంది. అసలు కిటుకు ఇదీ. ధరల పలక వచ్చేవాళ్ళకే కాదు, నిజాయితీగా ఇల్లు అద్దెకిచ్చే ఇల్లాలికి కూడా రక్షే. అందరూ పూర్తి ధర చెప్పక తప్పనప్పుడే నిజం చెప్పినవాళ్ళు నష్టపోకుండా ఉంటారు. 1977లో ఇంగ్లండులో ఉత్తరువు వచ్చింది. నాలుగు పడకగదులకి తక్కువ కాని హోటళ్ళూ అతిథిగృహాలూ ధరలు గుమ్మం దగ్గర కనబడేట్టు పెట్టాలని. మన సరాయిల చట్టానికి నూటపదేళ్ళు ఆలస్యంగా!

ఇక మన కాలానికి వద్దాం. 1995లో అమెరికాలో ఒకాయన కొండమీది తన సొంత విడిది ఇంటిని కంప్యూటర్ల ద్వారా అద్దెకివ్వబోయి, పదిమంది ఇళ్ళకీ పనికొచ్చే వి.ఆర్‌.బి.ఓ. అనే ఏర్పాటు మొదలెట్టాడు. 2008లో ఎయిర్‌బీఎన్‌బీ వచ్చింది. ప్రపంచమంతా ఒక పెద్ద బ్లాక్‌పూల్‌ వీధి అయింది. వీధితోపాటు పాత కిటుకూ వచ్చింది. ముందు కనబడేది ఒక రాత్రి అద్దె. వేలు కిందికి జరిపినకొద్దీ శుభ్రం చేసినందుకు ఇంత, సేవకి ఇంత, కుక్కకి ఇంత. ముందుంది ముసళ్ళ పండగన్నట్టు! జనం గోల పెట్టారు. 2018లో యూరప్‌ అధికారులు నిలదీస్తే, 2019 నాటికి అక్కడ పూర్తి ధర మొదటే చూపించే ఏర్పాటు అయింది. అమెరికాలో 2025 మే 12 నుంచి ఒక నిబంధన అమలులోకి వచ్చింది. హోటలయినా, విడిది ఇల్లయినా, ప్రతివాళ్ళూ తప్పక కట్టవలసిన చార్జీలన్నీ కలిపిన ధరే పైకి కనబడాలి. ప్రభుత్వ పన్నులు మాత్రం వేరుగా చూపించవచ్చు.

మన దేశంలో కూడా చలనం లేకపోలేదు. 2023 నవంబరు 30న వినియోగదారుల రక్షణ అధికార సంస్థ 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొని అవి పనికిరావని మార్గదర్శకాలు ఇచ్చింది. మొదట తక్కువ ధర చూపించి చుక్కచుక్కగా పెంచడం వాటిల్లో ఒకటి. ఇంటర్నెట్‌ మీద అమ్మేవాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది. కనక నాబోటివాళ్ళు వాదించడానికి ఒక ఆధారం ఉందన్నమాట.

జంతువుల విషయంలో ఫ్రాన్సు వాళ్ళ ఆలోచన చూడండి. 1970లో వాళ్ళొక చట్టం చేశారు. కాపురం ఉండే ఇంట్లో పెంపుడు జంతువు కూడదని అద్దె కాగితంలో రాసినా ఆ మాట చెల్లదు. అయితే ఆ జంతువు ఇల్లు పాడుచెయ్యకూడదు, ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలిగించకూడదు. 2012లో దానికి ఒక సవరణ తెచ్చారు. సెలవులకి అద్దెకిచ్చే విడిది ఇళ్ళవాళ్ళు కావాలంటే వద్దనవచ్చు. ఇది నాకు సబబుగానే తోచింది. కాపురం వేరు, రెండు రోజుల విడిది వేరు. మన తరవాత ఆ మంచంమీద పడుకునేవాళ్ళకి కుక్కవెంట్రుక పడకపోవచ్చు. అమెరికాలో 1990 నాటి చట్టం ఇంకో తేడా చూపించింది. చూపులేనివారికి దారిచూపేటటువంటి సేవ చేసే కుక్క పెంపుడు జంతువు కిందికి రాదు. దానికి హోటలువాళ్ళు కుక్క చార్జీ వెయ్యకూడదు. ఆనాటి బాటసారికి గుర్రం ఎలాంటిదో ఆ మనిషికి ఆ కుక్క అలాంటిది. పాత సత్రపు ధర్మమే మళ్ళీ వచ్చిందన్నమాట.

కాబట్టి సోదరీమణులారా, కుక్కకి డబ్బు అడగడం తప్పని నేను అనను. వెంట్రుకలు ఏరి, దుప్పట్లు ఉతికేది ఎవరు? అక్కడా మనలాంటి ఒక మనిషే. ఆవిడ కష్టానికి డబ్బు రావలసిందే. నా తగాదా అంకెతో కాదు, అంకె దాచడంతో.

ఈసారి మీరు బయలుదేరేముందు కాగితమూ కలమూ దగ్గర పెట్టుకోండి. పచారీ కొట్టు పద్దు చూసినట్టే చూడండి. అన్నీ కలిపి గుమ్మం దిగి వచ్చేనాటికి ఎంతవుతుంది? శుభ్రం చేసే డబ్బు అందులో ఉందా? జంతువుకి ఎంత, రోజుకా, మొత్తానికా? ఎంత పెద్ద కుక్కయినా ఒకటే రేటా? పాడయితే కోసుకునేందుకు ముందు కట్టే డిపాజిట్టు ఎన్నాళ్ళకి తిరిగిస్తారు? జవాబు నోటిమాటగా వద్దు, రాతగా తెప్పించుకోండి. "జంతువులకి అభ్యంతరం లేదు" అంటే "ఉచితం" అని అర్థం కాదని నేను 1,000 రూపాయలు ఇచ్చి నేర్చుకున్నాను. మీకు ఊరికే చెబుతున్నాను.

ఇంకో మాట. మీలో పై వాటా గానీ, ఊళ్ళోని పాత ఇల్లు గానీ అద్దెకిచ్చేవాళ్ళుంటే, మీరే ముందు ఆ పలక పెట్టండి. ఏనుగు పేరున కూడా బావి ఉన్న నేలమీద పుట్టినవాళ్ళం. వచ్చినవాళ్ళని చీకట్లో గేటు ముందు నిలబెట్టి లెక్క చెప్పడం మన ఇంటికి మర్యాద కాదు.

మళ్ళీ వేసవి వస్తోంది. మా చిట్టి అప్పుడే పెట్టెల చుట్టూ తిరుగుతోంది. ఈసారి ఇల్లు మాట్లాడే పని నేనే పెట్టుకున్నాను.

శలవు.