గొట్టానికి తగ్గ గుండు

1922 ఆగస్టు 22. చింతపల్లి పోలీస్ స్టేషన్. శ్రావణం ముగుస్తోంది. మన్యమంతా తడిసి ముద్దయింది.

వందలాది మంది ఒక్కసారిగా చుట్టుముట్టారు. గోడవారనున్న తుపాకులు చకచకా చేతులు మారాయి. అల్లూరి సీతారామరాజు మనుషులు అంతటితో ఆగలేదు. తూటాలు కావాలి. తూటా లేని తుపాకీ ఒట్టి ఇనుప గొట్టం.

నాటు తుపాకీ పట్టిన కొండవాడికి ఈ మాట ఒకరు చెప్పక్కర్లేదు. మూతిలోంచి మందు పోస్తాడు, పీచు దట్టిస్తాడు, సీసం గుండు జారవిడుస్తాడు. గుండు వదులుగా ఉంటే మందు బలమంతా పక్కల నుంచి జారిపోతుంది, గురి తప్పుతుంది. మరి బిగుసుకుంటే? సగంలో ఇరుక్కుంటుంది. అప్పుడు గొట్టం పేలేది కాల్చినవాడి మొహం మీదే.

తెల్లదొరల సైన్యమే ఈ లెక్క దగ్గర తడబడింది. 1857 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీ గొట్టం కొలత 0.577 అంగుళం. గుండు మొదట 0.568 ఉండేది. కాల్చేకొద్దీ మసి పేరుకుని అది దిగనని మొరాయించింది. చివరికి 0.55కి తగ్గించారు. తగ్గించింది అర మిల్లీమీటరు కూడా కాదు! అడుగున బోలుగా పోసిన ఆ గుండు, మందు అంటుకోగానే విప్పారి గొట్టం లోపలి గాడులను పట్టుకునేది.

చింతపల్లిలో దొరికినవి వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు. కొలత కుదిరిన తూటా తయారుగా ఉంది. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టంలో మందూ సీసమూ మళ్లీ నింపొచ్చు. అడుగున నిప్పు పుట్టించే టోపీ మాత్రం ఏ కొలిమిలోనూ పుట్టదు.

23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. తీసుకున్నవాటి లెక్క రాజు స్టేషన్ డైరీలోనే రాసి సంతకం పెట్టాడు. తుపాకీకి వంద తూటాలైనా రావు.

కొండ దిగితే నర్సీపట్నం. ఇంకా తూర్పుకెళ్తే చోడవరం. ఆ వైపు నుంచి సర్కారుకు ఎన్ని పెట్టెలైనా వస్తాయి. కొండమీద మాత్రం పేలిన తూటా పోయినట్టే.

సెప్టెంబర్ 24. దామనపల్లి ఘాట్. ఇరుకు దారి, రెండు వైపులా దట్టమైన అడవి, బారులు తీరి ఎక్కుతున్న సర్కారు బలగం, పొదల మాటున ఊపిరి బిగబట్టిన మనుషులు, ముందు నడిచే దేశీ పోలీసుల బూట్లు ఒక్కొక్కటే కళ్లెదుటే దాటిపోతున్నా ఒక్క వేలూ కదల్లేదు. వాళ్లను పోనిచ్చారు. వెనక దొరలు వస్తున్నారు.

తుపాకులు పేలాయి. దొరలు స్కాట్ కవర్డ్, హైటర్ కూలిపోయారు. తమ వాళ్ల మీద తూటా ఖర్చు కానివ్వని ఆ నిగ్రహం మామూలుది కాదు.

సర్కారు పాఠం నేర్చుకుంది.

అక్టోబర్ నడిమి రోజులు. అడ్డతీగల స్టేషన్‌లోకి రాజు దళం చొరబడింది. కళ్లు గోడవైపు తిరిగాయి.

తుపాకుల్లేవు. తూటాల్లేవు. అంతా ముందే తరలించేశారు.