దాత పేరు, దాత వంతు

తిరుపతిలోని విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌కు పదేళ్లు నిండాయి. 2015 మార్చిలో ఏర్పేడు దగ్గర శంకుస్థాపన జరిగింది. సొంత భవనాలు లేచేదాకా ఆగకుండా ఆ ఏడాదే తిరుపతి శివారులోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ గదుల్లో తరగతులు మొదలుపెట్టారు. ఏర్పేడు ప్రాంగణం పూర్తి కాకముందే అక్కడి డిగ్రీ విద్యార్థులు జట్టు కట్టి ‘ఐజెమ్’ పోటీకి వెళ్లారు. ఈ పదేళ్ల పండుగలో ఆ జట్టు వెనక నిలబడ్డవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే ఒకరి చదువుకో సేవకో ఇంకొకరు డబ్బు పెట్టడం ఈ ఊళ్లో నిన్న మొన్నటి అలవాటు కాదు.

ఐజెమ్ అంటే జీవకణాలతో చేసే ఇంజినీరింగ్ పోటీ. 2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీలో చిన్న కోర్సుగా మొదలైంది. మరుసటి ఏడాది వేసవిలో ఐదు జట్లు పోటీపడ్డాయి. ఇప్పుడు ఏటా మూడు వందలకు మించి జట్లు వస్తున్నాయి. మన దేశం నుంచి 2006లోనే బెంగళూరు జట్టు వెళ్లింది. విద్యార్థులే ఒక సమస్య ఎంచుకుంటారు. దానికి పనికొచ్చే జన్యువులను కూర్చి బ్యాక్టీరియాలోకో ఈస్టులోకో ఎక్కిస్తారు. నెలల తరబడి పరీక్షించి, చేసిందంతా వెబ్‌సైటులో బహిరంగంగా పెడతారు. 2021లో తిరుపతి జట్టు ఎత్తుకున్న ‘ఓవిక్లోక్’ హార్మోన్లు లేని గర్భనిరోధకం గురించిన ఆలోచన. అండం చుట్టూ ఉండే పొరను గట్టిపరిచే ఒవాస్టాసిన్ అనే ప్రొటీన్ దానికి ఆధారం. డిగ్రీ చదివే పిల్లలు తలకెత్తుకున్న పని ఇది!

ఇందుకు డబ్బు కావాలి. 2019 నాటికే జట్టు నమోదు రుసుము 5,000 డాలర్లు. రసాయనాలు, ప్రయాణాలు, బస అదనం. ఈ ఖర్చు తల్లిదండ్రుల జేబులోంచి రాదు, రాకూడదు కూడా. దాతను వెతకాల్సిందే. ఆ వెతుకులాట ఈ ఊరికి కొత్త కాదు.

తిరుమలలో దాతల కథ 966లో సామవై దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పల్లవ రాణి స్వామివారికి వెండి విగ్రహం చేయించి ఇచ్చింది. నేటికీ ఏకాంత సేవ అందుకునే భోగ శ్రీనివాసమూర్తి ఆమె ఇచ్చిన విగ్రహమే. విగ్రహం ఇచ్చి చేతులు దులుపుకోలేదు. నిత్యం జరగాల్సిన పూజకు, ఉత్సవాలకు ఖర్చు ఎక్కడి నుంచి రావాలో ఆలోచించి భూమి కొని రాసిచ్చింది. వస్తువు ఇచ్చే దాతలు ఎందరో ఉంటారు, దాని నిర్వహణకు కూడా ఇచ్చేవాళ్లు అరుదు. సామవై గొప్పతనం అక్కడుంది.

ఆ తర్వాత చోళులు, పాండ్యులు, యాదవరాయలు వచ్చారు. మూడు శతాబ్దాలను మూడు ముక్కల్లో దాటేసి, ఒక ఘట్టం దగ్గర మాత్రం ఆగి తీరాలి. 13వ శతాబ్దంలో వీర నరసింగ యాదవరాయల కాలంలో తిరుప్పుల్లాణి దాసర్ అనే భక్తుడు తిరుమల గర్భాలయాన్ని పునర్నిర్మించడానికి పూనుకున్నాడు. పాత గోడలు విప్పితే వాటిమీది శాసనాలు పోతాయి. అంటే ఎవరు ఏమిచ్చారో, ఏ షరతు మీద ఇచ్చారో చెప్పే పత్రాలు పోతాయి. అప్పుడు పాత శాసనాలను కొత్త గోడలపై మళ్లీ చెక్కించారు. ఎప్పుడో చనిపోయిన దాతల పేర్లను, ఊళ్ల పేర్లను, కొలతలను శిల్పి ఒక్కో అక్షరంగా రాతిలోకి దించాడు. రాజు మారినా గుడి కొత్తదైనా మాట మాత్రం పాతదే ఉండాలన్న పట్టుదల అది. తిరుపతి చరిత్రలో దీనికి సాటివచ్చే ఘట్టం అరుదు.

ఆ రాతల్లో ఇంకో విశేషం, దాత వంతు. నైవేద్యం పెట్టాక ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందుతుందని శాసనాలు తేటగా చెబుతాయి. కొందరు తమ వంతును బాటసారులకు ఉచితంగా అన్నం పెట్టే రామానుజకూటాలకు రాసిచ్చారు. విజయనగర కాలంలో దాతలు భండారంలో కట్టిన సొమ్ముతో గుడి మాన్యాల్లో కాలువలు తవ్వించేవారు. నీళ్లు పారితే పంట పెరుగుతుంది, పెరిగిన పంటతో నైవేద్యం నడుస్తుంది, అందులోంచి దాతకు వంతు వస్తుంది. సొమ్ము పెట్టెలో పడి ఉండకుండా చేలో పనిచేసింది. ఎంత సొమ్ము, ఏ ఊరి కాలువకు, ఏ రోజు నైవేద్యానికి అన్నది గోడమీదే ఉండేది, ఎవరైనా చదువుకోవచ్చు.

1843లో ఆలయ నిర్వహణ మహంతుల చేతికి, 1933లో టీటీడీకి వచ్చింది. 1945లో ఎస్వీ కాలేజీ, 1954లో ఎస్వీ యూనివర్సిటీ, 1983లో మహిళా విశ్వవిద్యాలయం పుట్టాయి. భక్తుల కానుక చదువుకు దారి మళ్లిన కాలం ఇది. ఇక్కడి నుంచి కథ ఒక్క దారిలో సాగదు. దాత ఒక్కడు కాదు, ఇచ్చేది డబ్బే కాదు.

ఐజెమ్ జట్టుకు వచ్చే సాయం చూడండి. ఐడీటీ అనే అమెరికా కంపెనీ కొన్నేళ్లపాటు ఒక్కో జట్టుకు 20,000 అక్షరాల మేర డీఎన్ఏను ఉచితంగా తయారుచేసి ఇచ్చింది. ట్విస్ట్ బయోసైన్స్ కూడా అదే బాటలో నడిచింది. స్నాప్‌జీన్, మ్యాథ్‌వర్క్స్ తమ సాఫ్ట్‌వేర్ ఇచ్చాయి. మన కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ‘ఐబెక్’ పేరుతో దేశంలోనే పోటీ పెట్టి, నెగ్గిన జట్లకు ఐజెమ్ దారి చూపింది.

ఆ ఉచిత డీఎన్ఏ వచ్చే తీరు గమ్మత్తుగా ఉంటుంది. వేలి గోరంత ప్లాస్టిక్ గొట్టం, అడుగున కంటికి ఆనీ ఆనని ఎండు పదార్థం. రాగానే మూత తీయకూడదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గోడలకు అంటుకున్నది అడుగుకు దిగాకే తెరవాలి. లేకపోతే మూతతో పాటే పోతుంది. తర్వాత కొన్ని మైక్రోలీటర్ల ద్రావణం కలిపి కరిగిస్తారు. దానితో పనిచేసే ఎంజైములు సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉండాలి, బయటికి తీస్తే మంచుగడ్డల మీదే పెట్టాలి. ఫ్రీజరు, జనరేటరు, రాత్రి పదకొండుకు ల్యాబు తాళం తీసే సీనియరు కూడా దాతలే.

ఐజెమ్ నియమాల్లో తిరుమల గోడను తలపించేది ఒకటుంది. ఏ పని ఎవరు చేశారో, బయటివాళ్లు ఎక్కడ చేయి వేశారో వెబ్‌సైటులో ప్రత్యేకంగా రాయాలి. అది లేకపోతే కంచు పతకం కూడా రాదు. గడువు తేదీ దాటాక పోటీ పేజీలను జట్టు మార్చలేదు. డబ్బిచ్చిన కంపెనీ పేరు, సలహా ఇచ్చిన మాస్టారి పేరు, పరికరం అరువిచ్చిన ల్యాబు పేరు అలాగే ఉండిపోతాయి.

2020, 2021 పోటీలు కొవిడ్ వల్ల ఆన్‌లైన్లో జరిగాయి కనుక ప్రయాణ ఖర్చు తప్పింది. 2022 నుంచి ముగింపు సభ పారిస్‌లో. విమానం టికెట్లు, వీసాలు మళ్లీ నెత్తిన పడ్డాయి. విదేశీ కంపెనీలు డీఎన్ఏ ఇస్తాయి గానీ, చిత్తూరు పిల్లను పారిస్ పంపవు.

ఆ పని ఇక్కడివాళ్లే చేయాలి. తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీలున్నాయి, పాల డెయిరీలున్నాయి, శ్రీసిటీలో దేశదేశాల కంపెనీలున్నాయి. గుజ్జు తీశాక మిగిలే టెంకా తొక్కా ఏం చేయాలన్నది, పాలు విరగకుండా ముందే పసిగట్టడం ఎలాగన్నది ఈ పిల్లలు ఎంచుకోదగ్గ ప్రశ్నలే. యజమానులు ప్రశ్నతోపాటు సొమ్ము ఇస్తే ఇద్దరికీ వంతు దక్కుతుంది. ఐసర్ ఒక్కటే కాదు, ఎస్వీ యూనివర్సిటీలో, మహిళా విశ్వవిద్యాలయంలో కూడా జీవశాస్త్రం చదివే పిల్లలున్నారు. ముగింపు సభ అక్టోబరు, నవంబరుల్లో జరుగుతుంది గనుక వేసవి దాటాక ఇచ్చిన డబ్బు ప్రయోగాలకు అక్కరకు రాదు. ఇవ్వదలిచినవారు ఏడాది మొదట్లోనే కాలేజీకి వెళ్లి, జట్టును పిలిపించుకుని, ఎంత ఇస్తారో దేనికి ఇస్తారో కాగితం మీద రాసివ్వాలి.