ఖాళీ డిస్కు: వెల, విలువ

ధ్వనిని నిలుపుకొనుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్రను చెప్పునప్పుడు మనము సాధారణముగా గాయకులను, వక్తలను, యంత్రములను కనిపెట్టినవారిని తలచుకొందుము. ఆ ధ్వనిని తనపై మోసిన ఖాళీ డిస్కును ఎవ్వరును తలచుకొనరు. అది అంగడిలో దొరకు సరకు; వెల యిచ్చి కొని పని గడుపుకొనునది. కాని ఒక కంఠము ఏబది యేండ్ల తరువాత వినబడునా, వినబడదా అను ప్రశ్నకు సమాధానము చాలవరకు ఆ డిస్కును కొన్ననాడే నిర్ణయమగుచున్నది. అందుచేత చౌక డిస్కులను వెనుకటి తరములవారు ఏ విధముగా పరీక్షించిరో, ఆ పరీక్షలు నేటికి ఎంతవరకు పనికివచ్చునో శ్రోతలకు మనవి చేయదలచినాము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. బజారున అమ్మిన గ్రామఫోను రికార్డు వేరు, ఖాళీ డిస్కు వేరు. గ్రామఫోను రికార్డు లక్క కలిపిన ముద్దను అచ్చున నొక్కి చేసినది. దానిపై మనము క్రొత్తగా ఏమియు వ్రాయజాలము. ఆ అచ్చు తయారు చేయుటకు కంపెనీలవారు మందమైన మైనపు దిమ్మెపై గాడిని కోసి, దానికి లోహపు పూత పట్టించెడివారు. ఆ మైనముపై ముల్లు పెట్టి వినినచో గాడి చెడిపోవును. రేడియోవారి అవసరము వేరు. ఉదయము రికార్డు చేసిన మాటను సాయంకాలము వినిపింపవలెనన్న, కోసిన వెంటనే వినదగిన డిస్కు కావలెను. 1930 ప్రాంతమున అమెరికాలో ఉత్త అల్యూమినియపు డిస్కులు గృహస్థులకై అమ్మకమునకు వచ్చినవి. వాటిలో ముల్లు గాడిని కోయదు, నొక్కును. ఉక్కు ముల్లుతో వినిన గాడి పాడగును గనుక వెదురు ముల్లు వంటి మెత్తని ముండ్లను వాడవలసి వచ్చెను. వెల స్వల్పమే, ధ్వనియు స్వల్పమే.

1934లో ఫ్రాన్సున పిరాల్ కంపెనీవారును, అమెరికాలో ప్రెస్టో కంపెనీవారును లాకరు డిస్కును ప్రవేశపెట్టిరి. ఇంగ్లండులో సెసిల్ వాట్స్ అనునతడు అదే కాలమున అట్టి డిస్కును రూపొందించెను, బి.బి.సి.వారు దానిని వాడిరి. చదునైన అల్యూమినియపు రేకుపై సెల్యులోజు నైట్రేటు పూత పూయుటయే దీనిలోని కిటుకు. వాడుకలో దీనిని ‘ఎసిటేటు’ అనుట అలవాటైనది గాని, పూత మాత్రము నైట్రేటే. ఇంతటి నుండి రేడియో స్టేషనులకు తమ మాటను తామే వ్రాసుకొని, తామే వినిపించు స్వాతంత్ర్యము లభించినది.

నైట్రేటు పూత ఒంటరిగా ఉన్నచో పెళుసుగా నుండును. ముల్లు దిగగానే పెచ్చులూడును. దానిని మెత్తబరచుటకు తయారీదారులు కలిపిన నూనె మరేదియు కాదు, ఆముదము. మన తెలంగాణ చెలకలలో పండు పంట నుండి వచ్చు ఆ నూనెకు ప్రపంచమందలి కంఠములను మోసిన పూతలో ఇట్టి పాత్ర కలదని చాలమందికి తెలియదు. ఏ చెట్టును లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని ఎగతాళిగా అందుము గాని, ఈ విషయమున ఆముదము నిజముగనే మహోపకారము చేసినది. ఆ డిస్కులకు ముప్పు వచ్చినదియు ఆముదము వలననే. కాలము గడచిన కొలది వేడికి, తేమకు ఆ నూనె విచ్ఛిన్నమై, క్రొవ్వు ఆమ్లములుగా మారి, డిస్కుపై తెల్లని జిడ్డుగా పేరుకొనును. నూనె పోయిన పూత ముడుచుకొనును; క్రింది లోహము ముడుచుకొనదు. అప్పుడు పూత బీటలువారి పెంకులుగా ఊడిపడును. మంచి డిస్కునకు, చౌక డిస్కునకు కోసిన నాడు చెవికి ఎక్కువ భేదము తెలియకపోవచ్చును; ముప్పది యేండ్ల తరువాత తెలియును.

ఆనాటి ఇంజనీర్లు డిస్కును ఎట్లు పరీక్షించిరి? మొదట అడుగు రేకు చదునుగా నున్నదా అని చూచెడివారు. వంకర యున్నచో ముల్లు ఒకచోట లోతుగను, మరొకచోట పైపైనను పోవును. పిదప పూతను దీపమునకు ఎదురుగా పట్టి, దుమ్ము రేణువులు, బుడగలు, చారలు ఉన్నవేమో వెదకెడివారు. ఆపైన అంచు దగ్గర మాట లేకుండ కొన్ని గాళ్ళు కోసి చూచెడివారు. పూత మంచిదైనచో కోత నుండి వచ్చు పీచు తెగని దారమువలె, మెరయుచు వచ్చును; గాడి నల్లగా నిగనిగలాడును. పూత ఎండినదైనచో పీచు పొడిపొడిగా రాలును, గాడి బూడిద రంగున మసకగా కనబడును, వినిన బుసబుస వినిపించును. ఆ పీచు క్షణములో భగ్గుమని మండునది గనుక దానిని జాగ్రత్తగా నీటి తొట్టిలో వేసెడివారు. తయారీదారులు సయితము డిస్కులను తరగతులుగా విభజించి, నిర్దోషమైనవానిని ఎక్కువ వెలకును, చిన్న లోపములున్నవానిని అభ్యాసమునకని తక్కువ వెలకును అమ్మెడివారు. అనగా చౌక డిస్కు అనునది మోసము కాదు. ఏ పనికి చౌక అని అడిగి కొనవలసిన వస్తువు.

రెండవ ప్రపంచ యుద్ధములో అల్యూమినియము విమానములకు పోయినది. లాకరు పూతను గాజు పలకలపై పూయవలసి వచ్చెను. గాజు చదునుగానే యుండును, ధ్వనియు బాగుగనే యుండును. కాని చేయి జారినచో ఆ కంఠము అంతటితో సరి. గృహస్థులకై అట్టపై పూత పూసిన డిస్కులును వచ్చినవి. దూరదేశములకు పోయిన సైనికులు ఇంటికి పంపిన మాటలలో కొన్ని ఇట్టి అట్ట డిస్కులపై పంపినవే. అట్ట తేమకు వంగును. అయినను ఆ ఇంటివారికి ఆ డిస్కు వెల ఎంతయని ఎవరు అడుగుదురు?

నాణ్యము వేరు, విలువ వేరు అనుటకు చరిత్రలో రెండు నిదర్శనములు కలవు. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్టున హిండెన్‌బర్గ్ అను జర్మను విమాననౌక మండి కూలినప్పుడు, హెర్బర్టు మారిసన్ అను వ్యాఖ్యాత అక్కడనే యుండి లాకరు డిస్కుపై తన మాటను రికార్డు చేయించుచుండెను. ప్రేలుడు అదురునకు కోత ముల్లు పూతలోనికి గ్రుచ్చుకొనినది. ఆ గాయము డిస్కుపై నేటికిని కలదు. మరునాడే ఆ రికార్డులోని భాగములు ఎన్.బి.సి. ద్వారా ప్రసారమైనవి. రికార్డులను ప్రసారము చేయరాదని తాము పెట్టుకొన్న నియమమును ఆ సంస్థవారు దానికొరకు సడలించుకొనిరి.

రెండవ నిదర్శనము సోవియట్ దేశమునకు చెందినది. యుద్ధానంతరము లెనిన్‌గ్రాడులో, ప్రభుత్వము నిషేధించిన సంగీతమును వినగోరిన యువకులు ఆసుపత్రులు పారవేసిన ఎక్సురే ఫిల్ములను గుండ్రముగా కత్తిరించి, నడుమ సిగరెట్టుతో రంధ్రము కాల్చి, వానిపై గాళ్ళు కోసిరి. ప్రక్కటెముకల నీడలపై పాట తిరిగెడిది. అంతకన్న చౌకయైన ఖాళీ డిస్కును లోకము ఎరుగదు. ధ్వని గరగరలాడెడిది, కొద్దిసార్లు వినగానే అరిగిపోయెడిది; 1958లో ఇంటింట ఇట్టి రికార్డులు చేయుటను చట్టము నిషేధించినది. అయినను నేడు వస్తుప్రదర్శనశాలలు వానిని ఏరి దాచుచున్నవి.

మన దేశమున ఆకాశవాణి తొలి దశలో కార్యక్రమములలో అధికభాగము స్టూడియో నుండి నేరుగా వెళ్ళినవే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైన నాటికి టేపు ఇంకను వాడుకకు రాలేదనియే చెప్పవచ్చును. 1950 తరువాతి యేండ్లలో టేపు వచ్చినది. డిస్కు క్రమముగా వెనుకబడినది. ఖాళీ డిస్కు కథ అంతటితో ముగిసినదని అనుకొనవచ్చును. కాని నలుబది యేండ్ల తరువాత అది మరొక రూపమున తిరిగి వచ్చినది.

1982లో జపానులో అమ్మకమునకు వచ్చిన కాంపాక్టు డిస్కు, గ్రామఫోను రికార్డు వలెనే, అచ్చున నొక్కినది. 1988లో జపానులోని తైయో యుదెన్ సంస్థవారు వ్రాయదగిన సీడీని రూపొందించిరి. 1.2 మిల్లీమీటర్ల మందము గల పాలీకార్బనేటు బిళ్ళపై ఒక రంగు పూత, దానిపై అద్దము వంటి లోహపు పొర, దానిపై పలుచని రక్షణ పూత: ఇదియే దాని నిర్మాణము. లేజరు కిరణపు వేడికి రంగు మారిన చోట్లు గుర్తులగును. లాకరు డిస్కులో ఆముదము చేసిన పని ఇచ్చట ఈ రంగు చేయుచున్నది. దీని ఆయువే డిస్కు ఆయువు. సయనీను అను రంగు వెలుతురునకు త్వరగా చెడును. థాలోసయనీను, ఆజో అనునవి అంతకన్న నిలుకడ గలవి. లోహమునకు మొదట బంగారమును వాడిరి. చౌక కొరకు వెండి వచ్చినది. బంగారము త్రుప్పు పట్టదు. వెండి గాలిలోని గంధకమునకు నల్లబడును. 2004లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ ప్రకటించిన పరిశోధనలో, వేడికిని, వెలుతురునకును తట్టుకొను శక్తిలో డిస్కుకు డిస్కుకు చాల భేదమున్నదని తేలినది.

ఇచ్చట పాత పరీక్ష పనికిరాదు. లాకరు డిస్కు చెడుచున్నప్పుడు బుసబుస పెరిగి చెవికి హెచ్చరిక చేయును. సీడీలో అట్లు కాదు. దానిలోని సంకేతములకు దోషములను సరిదిద్దుకొను ఏర్పాటు కలదు గనుక, డిస్కు శిథిలమగుచున్నను పాట నిర్మలముగా వినబడుచునే యుండును. దోషములు ఆ ఏర్పాటు శక్తిని మించిన నాడు హఠాత్తుగా మూగపోవును. అందుచేత చెవిని నమ్మక, దోషములను లెక్కింపవలెను. ప్రమాణ గ్రంథము సెకనుకు సగటున 220 దోషపు చట్రములను హద్దుగా పెట్టినది. సరిదిద్దజాలని దోషము ఒకటియు ఉండరాదు. కొన్ని కంప్యూటరు డ్రైవులు తగిన సాఫ్టువేరుతో ఈ లెక్కను చూపగలవు.

పెట్టెపైని పేరును చూచి డిస్కును నిర్ణయింపవచ్చునా? చాలమంది వర్తకులు స్వయముగా డిస్కులు చేయలేదు. ఎక్కడనో చేయించి తమ పేరు వేసికొనిరి. ఒకే పేరుతో ఈ నెల ఒక కర్మాగారపు సరకు, వచ్చే నెల మరొక కర్మాగారపు సరకు వచ్చెడిది. పైన పటారము, లోన లొటారము అను మాట ఇచ్చట సరిపోవును. డిస్కు లోపలి అంచున తయారీదారుని సంకేతము వ్రాసియుండును. కాని నాసిరకపువారు ఇతరుల సంకేతమును పెట్టిన సందర్భములును కలవు. అన్నము ఉడికినదా లేదా అని ఒక్క మెతుకు పట్టి చూచుట మనకు అలవాటు. ఆ పరీక్ష ఒకే కుండలోని మెతుకులకు చెల్లును. ఒక డిస్కు బాగున్నచో ఆ కట్టలోనివి బాగుండునని ఊహింపవచ్చును గాని, అదే పేరుగల మరొక కట్ట వేరొక కుండ.

మన దేశమునను ఈ పరిశ్రమ వర్ధిల్లినది. 1983లో ఢిల్లీలో స్థాపితమైన మోజర్ బేయర్ ఇండియా సంస్థ ప్రపంచమునందలి పెద్ద ఖాళీ డిస్కు ఉత్పత్తిదారులలో ఒకటిగా ఎదిగి, 2018లో మూతకు వచ్చినది. ఆ సంవత్సరములలో డిస్కు వెల కొన్ని రూపాయలకు దిగుటచేతనే మన ఊళ్ళలోని పెండ్లి వీడియోలు, హరికథలు, తాతగారి పద్యములున్న కేసెట్లు డిస్కులపైకి ఎక్కినవి. చౌక డిస్కు లేకున్న వానిలో చాలభాగము ఎక్కియే యుండదు. ఈ ఉపకారమును మరువరాదు. కాని ఆ డిస్కులకు నేడు పదునైదు, ఇరువది యేండ్లు నిండుచున్నవి.

కావున శ్రోతలు చేయదగిన పనులను చెప్పుదుము. బీరువాలోని డిస్కును తీసి దీపమునకు ఎదురుగా పట్టి చూడుడు. సన్నని వెలుగు చుక్కలు కనబడినను, అంచున రంగు వెలిసినను జాగు చేయరాదు. సీడీకి గీతల భయము క్రింది వైపు కన్న పేరు వ్రాయు వైపుననే అధికము, లోహపు పొరను కాపాడు పూత అచ్చట మిక్కిలి పలుచనిది. కాగితపు చీటి అంటింపవలదు. డిస్కును పెట్టెలో నిలువుగా, ఎండ, తేమ తగులని చోట నుంచుడు. క్రొత్తగా వ్రాయవలసి వచ్చిన, ముందు ఒకదానిని అంచు వరకు నింపి పరీక్షింపుడు. నాసిరకపు డిస్కు ముందుగా తడబడునది తరచుగా వెలుపలి అంచుననే. ముఖ్యమైన మాటను రెండు వేర్వేరు తయారీల డిస్కులపై వ్రాసి, ఒకటి మరొక ఇంట నుంచుడు. కంప్యూటరులోను ఒక నకలు ఉండవలెను.

జాగు చేయరాదనుటకు మరొక కారణము కలదు. తైయో యుదెన్ 2015 చివర ఈ వ్యాపారమును విడిచినది. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో వ్రాయదగిన బ్లూరే డిస్కుల ఉత్పత్తిని నిలిపినది. పాత లాకరు డిస్కు స్థితియు ఇంతే: దానిని చేయు పెద్ద కర్మాగారములు లోకమున రెండే మిగిలియుండగా, 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలోనిది అగ్నికి ఆహుతియైనది. డిస్కులు చేయువారును, వానిని చదువు యంత్రములును తగ్గిపోవుచున్నవి.

ఖాళీ డిస్కు నాణ్యమును కన్నుతో, యంత్రముతో కొలువవచ్చును. దాని విలువ మాత్రము మనము దానిపై ఉంచిన కంఠమునుబట్టి ఏర్పడును. నేటి సాయంకాలము విని మరచు మాటకు చౌక డిస్కు చాలును. తిరిగి పలికింపజాలని కంఠమునకు చాలదు. అట్టిది మీ ఇంట ఒక్క చౌక డిస్కుపైననే యున్నచో, ఈ వారములోనే దానికి నకలు తీయుడు.