ప్రయోగశాలలో పశు పిండోత్పత్తి

ఆవు అండాలను శరీరం వెలుపల ఫలదీకరించి, పిండాలుగా పెంచి, మరో ఆవు గర్భంలో ప్రవేశపెట్టే విధానాన్ని ప్రయోగశాల పిండోత్పత్తి (ఐవీఎఫ్) అంటారు. ఈ విధానంలో తొలి దూడ 1981లో అమెరికాలో పుట్టింది.

కృష్ణా డెల్టాలో దుక్కికి ఆధారమైన ఒంగోలు జాతి ట్రాక్టర్ల రాకతో బాగా తగ్గిపోయింది. మేలైన ఆవు సైతం ఏడాదికి ఒక్క దూడనే ఈనగలదు కనుక, గుంటూరు సమీపంలోని లాం పశు పరిశోధనా స్థానం పిండమార్పిడి వైపు మొగ్గింది.

సేకరించిన అండాలను 38.5 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 24 గంటలు పక్వానికి ఉంచి వీర్యకణాలతో కలుపుతారు. పిండం ఏడు రోజులకు మార్పిడికి సిద్ధమవుతుంది. కానీ సాధారణంగా నూటికి 30-40 అండాలే ఆ దశకు చేరతాయి. పెంపకంలో ఆక్సిజన్‌ను 20 నుండి 5 శాతానికి తగ్గిస్తే ఫలితం మెరుగవుతుంది. అసలు చిక్కు అండం నాణ్యతలోనే ఉంది. వేసవి తాపం దానిని దెబ్బతీస్తుంది, అయితే మూపురపు జాతులు వేడిని తట్టుకోవడమేగాక ఎక్కువ అండాలనూ ఇస్తాయి. ఒంగోలు సంతతికే చెందిన నెలోర్ పశువులలో బ్రెజిల్ ఈ విధానాన్ని భారీ ఎత్తున వాడుతోంది.