బటన్ నొక్కితే వెలగని కంప్యూటరు - ఓ చిన్న చరిత్ర

మా నాన్నకి చిలకలూరిపేట దగ్గర ఓ పల్లెటూళ్ళో ఎరువుల కొట్టు ఉండేది. అప్పట్లో అది గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు. పత్తికీ మిరపకీ కావలసిన ఎరువులు, పురుగుమందులు అప్పు మీద తీసుకెళ్ళి, పంట అమ్మాక బాకీ తీర్చడం మా వైపు మామూలే. ఆ ఖాతాలన్నీ ఎక్సెల్లో పెడదాం నాన్నా అని సలహా ఇచ్చిన మేధావిని నేనే. అప్పుడు పదో తరగతి.

2012 ఏప్రిల్. మిరపకాయల టిక్కీలు గుంటూరు యార్డుకి వెళ్తున్న రోజులు. ఒక పొద్దున బటన్ నొక్కితే కంప్యూటరు వెలగలేదు. ఫ్యాను తిరగలేదు, బీప్ లేదు, చిన్న లైటు కూడా లేదు. టౌన్లో ఒక షాపుకి తీసుకెళ్తే అతను రెండుసార్లు బటన్ నొక్కి చూసి "మదర్‌బోర్డు పోయిందండీ" అని తేల్చేశాడు. కొత్త బోర్డు, దాంతోపాటు కొత్త క్యాబినెట్టు. కొత్త బోర్డు మీద పాత విండోస్ ఎక్కకపోతే ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కించాడు. మా ఖాతాల ఫైలు డెస్క్‌టాప్ మీదే ఉంది. అంటే సీ డ్రైవులో. అంటే... మీకు అర్థమయ్యే ఉంటుంది.

అసలు ఆ బోర్డు పోయిందా? దీనికి సమాధానం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీకి పక్కన ఒక పెద్ద ఎర్ర స్విచ్ ఉండేది. లోపలి పవర్ సప్లై సామర్థ్యం 63.5 వాట్లు, మన పాత బల్బంత. ఆ స్విచ్ నిజంగా స్విచ్చే. వేస్తే కరెంటు లోపలికి వెళ్తుంది, తీస్తే ఆగుతుంది. 1984లో వచ్చిన ఏటీ మోడలుదీ ఇదే పద్ధతి. విండోస్ 95లో షట్‌డౌన్ కొట్టాక, ఇక మీరు కంప్యూటర్ ఆపుకోవచ్చు అంటూ నల్ల తెర మీద నారింజ అక్షరాలు వచ్చేవి, గుర్తుందా? కరెంటు ఆపే అధికారం సాఫ్ట్‌వేరుకి లేదు కాబట్టి మనల్ని బతిమాలుకునేది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. అప్పటినుంచి ముందున్న బటన్ స్విచ్ కాదు, ఒక విన్నపం మాత్రమే. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఎస్ఎమ్‌పీఎస్‌లో ఒక చిన్న సర్క్యూట్ ఊదారంగు వైరు మీద 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ వైరుని గ్రౌండుకి కలుపుతుంది. అప్పుడు అసలు సప్లై లేస్తుంది. వోల్టేజీలన్నీ నిలబడ్డాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల తర్వాత, బూడిదరంగు వైరు మీద "అంతా బాగుంది" అని కబురొస్తుంది. అప్పుడుగానీ ప్రాసెసరు పని మొదలెట్టదు.

అంటే మనం ఆఫ్ చేశామనుకున్న కంప్యూటరులో ఒక ముక్క రాత్రింబవళ్ళు పని చేస్తూనే ఉంటుంది. అదీ ఫ్యాను తిరగని సమయంలో, గాలి ఆడకుండా! అందులో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటాయి. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఓ బండ లెక్క. రెంటచింతల ఎండల గురించి నేను వేరే చెప్పాలా? దానికి తోడు పత్తి నూగు, మిరప దుమ్ము. కెపాసిటర్ల నాణ్యత సంగతంటారా, 2000 తర్వాత కొన్నేళ్ళు నాసిరకం సరుకు ప్రపంచమంతా పాకింది. దాన్ని కెపాసిటర్ ప్లేగు అన్నారు. వాటివల్ల చెడిపోయిన మెషీన్ల కోసం డెల్ 2005లో 30 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది.

ఇక గోడ అవతలి సంగతి. 1955లో మాచ్‌ఖండ్, 1978లో సాగర్, 1979లో విజయవాడ థర్మల్... ఇలా కరెంటు పెరుగుతూ వచ్చింది, దాంతోపాటే బోరు మోటార్లూ పెరిగాయి. 2004 మే 14న ప్రమాణస్వీకారం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. రైతుకి అది అవసరమే, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ త్రీఫేజ్ ఇచ్చే గంటల్లో మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతుంది. మన ప్రమాణం 230 వోల్టులకి 6 శాతం అటూఇటూ. మా ఇంట్లో స్టెబిలైజరు ముల్లు 170 దగ్గర వణకడం నేను చూశాను. మోటార్లు ఆగగానే పైకి ఎగిరేది. పైగా 2012 కోతల కాలం, ఫ్యాక్టరీలకే పవర్ హాలిడేలు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మొదటి దెబ్బ తినేది ఆ చిన్న సర్క్యూటే.

ఇంజనీరింగ్‌లో ఉండగా అటక మీద ఉన్న పాత క్యాబినెట్టు దించి కాలేజీ ల్యాబుకి పట్టుకెళ్ళాను. ఊదా వైరు మీద మల్టీమీటరు పెడితే 3 వోల్టులు కూడా లేవు. సార్ పక్కనుండి ఎస్ఎమ్‌పీఎస్ విప్పించారు. స్టాండ్‌బై దగ్గర ఒక బుల్లి కెపాసిటర్ తల ఉబ్బిపోయి ఉంది. "పోయిన" మదర్‌బోర్డుకి వేరే ఎస్ఎమ్‌పీఎస్ తగిలిస్తే ఒక్క బీప్‌తో లేచి కూర్చుంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

కాబట్టి మీ ఇంట్లో వాళ్ళు ఫోన్ చేసి "కంప్యూటర్ ఆన్ అవట్లేదురా" అంటే గోడ నుంచి లోపలికి రండి. ముందు అదే ప్లగ్గులో టేబుల్ ఫ్యాను పెట్టి చూడమనండి. వెనకున్న చిన్న స్విచ్ చూడమనండి. ప్లగ్గు పీకి, బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుని, మళ్ళీ పెట్టమనండి. అప్పటికీ కాకపోతే మీరు వెళ్ళినప్పుడు బోర్డు నుంచి పెద్ద కనెక్టరు తీసి, ఆకుపచ్చా నల్లా వైర్లని పేపర్ క్లిప్పుతో కలిపి, తర్వాత ప్లగ్గు పెట్టండి. ఎస్ఎమ్‌పీఎస్ ఫ్యాను కదలకపోతే దొంగ దొరికినట్టే. తిరిగితే చాలావరకు సప్లై బతికున్నట్టు, అప్పుడు ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టండి. ఎస్ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీశాక కూడా లోపల 300 వోల్టులు దాక్కుని ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, షాపుకి పంపేముందు హార్డ్ డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టండి.

ఆ ఏడు ఖాతాల సంగతి చెప్పలేదు కదూ. నాన్న ఎవరినీ గట్టిగా అడగలేకపోయారు. రైతులే ఒక్కొక్కరు వచ్చి, నాన్న ఇచ్చిన చీటీలు జేబులోంచి తీసి "ఇదిగో బావా, నా లెక్క ఇంత" అని చెప్పి కట్టారు. చీటీ పారేసుకున్నవాళ్ళు నోటితోనే చెప్పారు. నాన్న అందరి మాటా నమ్మారు. ఇద్దరు ముగ్గురి దగ్గర తప్ప పెద్దగా పోయింది లేదని ఇప్పటికీ అంటారు. మరుసటి ఏడాది నుంచి మళ్ళీ ఎర్ర అట్ట ఖాతా పుస్తకమే.

నేను ఇప్పుడు రోజూ బ్యాకప్పుల గురించి మీటింగుల్లో మాట్లాడతాను. మా ఊళ్ళో బ్యాకప్ మనుషుల దగ్గర ఉండేది.