పెండ్లికుమార్తెకు తెల్లచీర తప్పనిసరియా?

పెండ్లిండ్ల కాలము వచ్చినదంటే మన కోనసీమలో సంఘకాపరులను తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, మా అమ్మాయి రంగు పట్టుచీర కట్టుకుని మందిరానికి వస్తానంటోందండి. ఫరవాలేదాండి?" అడిగేది తల్లి. అమ్మాయి ప్రక్కన తల దించుకొని ఉంటుంది. ఇంటిలో పెదనాన్నగారు అప్పటికే తేల్చివేసియుంటారు, క్రైస్తవ వివాహమంటే తెల్లచీరేనని, రంగు చీర లోకాచారమని.

ఈ తెలుపు ఎక్కడనుండి వచ్చినదో ఈ పూట కొంచెము చరిత్ర చూద్దాము.

1840 ఫిబ్రవరి 10న ఇంగ్లాండులో విక్టోరియా రాణికి ఆల్బర్టుతో వివాహము జరిగినది. అప్పుడామెకు 20 ఏండ్లు. అంతకు ముందు రాజవంశపు పెండ్లికుమార్తెలు బంగారు, వెండి తీగెలు నేసిన బరువైన వస్త్రములు ధరించేవారు. సామాన్యులు తమకున్న వాటిలో మంచి బట్ట, ఏ రంగుదైతే ఆ రంగుది, కట్టుకొని వెళ్ళేవారు. తెలుపు అక్కడ పెండ్లికే పరిమితమైన రంగు కాదు. 1558లో స్కాట్లండు రాణి మేరీ పారిస్‌లో తెల్లని వస్త్రములతో పెండ్లి చేసుకొన్నది గాని, ఆ రోజులలో ఫ్రెంచి రాజకుటుంబములో తెలుపు దుఃఖమునకు గుర్తు. మన పల్లెలలో వలెనే గదా!

విక్టోరియా తెలుపు ఎందుకు ఎంచుకొన్నది? ప్రధానముగా లేసు కొరకు. డెవన్ ప్రాంతములో చేతితో లేసు అల్లే స్త్రీలకు యంత్రములు వచ్చి పని లేకుండ పోవుచున్న కాలమది. రాణి తన పెండ్లి లేసును వారికే అప్పగించినది. బీర్ అను గ్రామములోను చుట్టుప్రక్కలను 200 మందికి పైగా స్త్రీలు నెలల తరబడి దానిని అల్లారు. ఆ లేసు చక్కగా కనబడుటకు క్రింద తెల్లని పట్టు. ఇందులో వేదాంతమేమియు లేదు. పత్రికలలో బొమ్మలు పడినవి, ధనికులు అనుసరించారు. పేద ఇండ్లలో మాత్రము ఆ తరువాత కూడ చాలా కాలము రంగు బట్టలతోనే పెండ్లిండ్లు జరిగినవి. తెల్ల బట్ట ఉతికి నిలుపుకొనుట ఎవరికి సాధ్యము?

ఇప్పుడు మన సంగతికి రండి. మన గోదావరి డెల్టాకు సువార్త తెచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు అదే డెవన్ ప్రాంతపు వారు. ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్‌తో కలిసి 1836లో ఓడ ఎక్కారు. అప్పటికి విక్టోరియా ఇంకా రాణియే కాలేదు. ఆమె పెండ్లికి ఇంకా నాలుగేండ్లున్నవి! తెల్ల పెండ్లిబట్టల ఆచారము మన తొలి మిషనరీల ప్రయాణము కంటె వయస్సులో చిన్నది. అపొస్తలుల కాలమునుండి వచ్చినదని మనము ఎట్లు చెప్పగలము?

లేసు కథ అక్కడితో ఆగలేదు. అదే శతాబ్దములో మిషనరీల ద్వారా ఆ విద్య నరసాపురము ప్రాంతములోని స్త్రీలకు అబ్బినది. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురమే గదా, రాజోలు, అమలాపురము వైపు ఇండ్లలో కూడ కొక్కెపు సూది ఆడినది. ఇక్కడ అల్లిన లేసు దూరదేశములకు ఎగుమతి అయినది. అరుగుమీద కూర్చుండి కండ్లు పాడుచేసుకొని అల్లిన మన తల్లులకు దక్కిన కూలి మాత్రము బహు స్వల్పము. 1982లో మరియా మీస్ అను జర్మను పండితురాలు దీనిమీద ఒక గ్రంథమే వ్రాసినది.

వాక్యము ఏమంటున్నది? 45వ కీర్తనలో రాజు నొద్దకు వచ్చు కన్యక బంగారు పనితో, రంగురంగుల కుట్టుపనితో ఉన్న వస్త్రములు ధరించియున్నది. రిబ్కా ఇస్సాకును చూచి ముసుగు వేసుకొన్నది గాని దాని రంగు ఆదికాండములో లేదు. ప్రకటన 19లో గొఱ్ఱెపిల్ల భార్యకు ప్రకాశమైన నారబట్టలున్నవి, నిజమే. అయితే అవి పరిశుద్ధుల నీతిక్రియలని ఆ వచనమే అర్థము చెప్పుచున్నది. అది సంఘమంతటికి, పురుషులతో సహా. పెండ్లికుమారుడు నల్లకోటు వేసుకొని వస్తే పెదనాన్నగారు ఒక్క మాటైనా అనరే!

ఇక చట్టము. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము పాదిరిగారు కాక కనీసము ఇద్దరు సాక్షులుండవలెనన్నది. ఉదయము 6 గంటలకు సాయంత్రము 7 గంటలకు మధ్య పెండ్లి జరుగవలెనన్నది. చీర మాట ఎక్కడా లేదు. మనకంటె ఎంతో పాతవారైన కేరళ సిరియను క్రైస్తవులలో వరుడు వధువు తలమీద మంత్రకోడి అను పట్టువస్త్రము కప్పుతాడు. అది తరచు ఎఱ్ఱనిదో మరియొక నిండు రంగుదో. వారి విశ్వాసమునకు దానివలన వచ్చిన లోటేమి?

అయితే పెద్దల మనస్సును తీసిపారవేయకండి. ఒకప్పుడు మన తాతముత్తాతలలో అనేకులు బురదలో కూలిపని చేసి, మంచి బట్ట కట్టుటకే ఊరివారికి జడిసినవారు. అట్టి ఇంటి ఆడబిడ్డ మల్లెపువ్వువంటి చీర కట్టుకొని అందరి ముందు మందిరములోనికి నడచుట వారికి చిన్న విషయము కాదు. ఆ తెలుపులో వారికి రాణి కనబడలేదు, తమ గౌరవము కనబడినది. తెల్లచీర కోరుకొను అమ్మాయి దానినే సంతోషముగా కట్టుకొనవచ్చును.

బలవంతము పెట్టుటయే నాకు నచ్చదు. అప్పుచేసి కొన్న తెల్లచీర ఒక్క పూట కట్టి పెట్టెలో పెట్టుట ఎన్ని ఇండ్లలో చూడలేదు? మన ఊళ్ళలో తెలుపు విధవరాలి రంగు గనుక పెండ్లయిన పిల్ల దానిని మరల కట్టుకొనుటకు జంకుతుంది. విక్టోరియా తన దేశపు పనివారికి పని ఇచ్చినది. అమలాపురమునకు దగ్గరలోనే బండారులంక మగ్గములున్నవి. అక్కడ నేసిన రంగు చీర పెండ్లికి కట్టిన పిల్ల దానినే క్రిస్మసు ఆరాధనకు కట్టుకొంటుంది, ఆడపడుచు పెండ్లికి కట్టుకొంటుంది, రేపు తన బిడ్డ బాప్తిస్మమునకును కట్టుకొంటుంది.