రాగం - సింథసైజర్: చరణ్‌జిత్ సింగ్ రికార్డు చారిత్రక స్థానం

బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ రికార్డులో హిందుస్తానీ రాగాలను రోలండ్ సంస్థవారి జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 యంత్రాలపై పలికించాడు. 2010లో ఇది పునర్ముద్రణ పొందిన తరువాత, 1987లో షికాగో నుండి వెలువడిన ఫ్యూచర్ బృందం ‘యాసిడ్ ట్రాక్స్’కు దీనిని పూర్వరూపంగా పలువురు పేర్కొన్నారు. అయితే కాలక్రమంలో ముందుండటం ప్రభావానికి నిదర్శనం కాదు. రెండింటికీ ఉమ్మడి మూలం టీబీ-303 యంత్రమే. బేస్ గిటారుకు బదులుగా రూపొందిన ఆ యంత్రంలో స్వరం నుండి స్వరానికి జారే సౌకర్యం ఉంది. షికాగో బృందం మీటలు తిప్పుతూ నాదగుణాన్ని మార్చింది. సింగ్‌కు ఆ జారుడు రాగానికి అనువైనదిగా తోచింది. హిందుస్తానీలో మీండ్, కర్ణాటక సంగీతంలో ‘జారు’ అనే తెలుగు పేరుగల గమకం ఈ లక్షణానివే. కనుక ఈ రికార్డును పాశ్చాత్య నృత్యసంగీతానికి తొలిమెట్టుగా కాక, రాగసంప్రదాయం కొత్త వాద్యాన్ని స్వీకరించిన ఘట్టంగా పరిశీలించడమే సముచితం.